పట్టుగౌను ఆవిడ

అరుంధతికి,

ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరమేమిటని నవ్వకు. నీ ఎదుట నిలబడితే నాకు మాట పెగలదు. రోజూ లెక్కలు రాసే చేయి కాగితం మీదైనా మాట్లాడుతుందేమోనని ఈ ప్రయత్నం.

కొంతకాలంగా మధ్యాహ్నం భోజనం త్వరగా ముగించి, ఆఫీసు పక్కనున్న మ్యూజియానికి వెళ్తున్నాను. అక్కడ ఒక ఆవిడ ఉంది. కంగారుపడకు, ఆవిడ పోయి వందేళ్లు దాటింది. స్వీడన్ చిత్రకారుడొకడు పందొమ్మిదో శతాబ్దంలో వేసిన తైలవర్ణ చిత్రం. ఓడల వ్యాపారి భార్యట. నీలిరంగు పట్టుగౌను, మెడలో ముత్యాలు, ఒడిలో అలా వదిలేసిన చేతులు. బయట వాన పడుతుంటే ఆ గదిలో వెలుతురు నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది. అప్పుడు ఆ పట్టు మెల్లగా కదులుతుంది. ఆవిడ ఊపిరి తీసుకుంటోందనిపిస్తుంది. సాయంత్రం రైల్లో కునుకు పడితే, మన బెడోక్ స్టేషన్ దాకా నా ఎదుటి సీట్లో కూర్చుని వస్తుంది. గౌను ఆవిడదే, ముఖం మాత్రం నీది.

మొన్న బాగా దగ్గరికి వెళ్లి చూశాను. ఆవిడ ముఖం ఒకే రంగు కాదు, అరుంధతీ. చెంప మీద తెల్లటి మరక, కణత దగ్గర ఆకుపచ్చ, పెదవి పక్కన ఏ రంగూ తేలని చిన్న ముక్క. ఇన్నాళ్లూ నేను చూసిన అందమంతా వాటితోనే తయారైంది.

"ఏంది సార్, గీత దాటేశారు, ఎనక్కి రండి!" అన్నాడు కాపలా ఉండే యాకూబ్, నెల్లూరు మనిషి. "దినామూ వస్తుండారు, ఆ యమ్మ మీకేమన్నా చుట్టమా?"

"దగ్గరి చుట్టమే" అన్నాను. నేను అంత మాట అన్నానంటే నువ్వు నమ్మవు.

నీకు బొల్లి మచ్చలు వచ్చి రెండేళ్లు. అప్పటినుంచి నువ్వు ఫొటో దిగలేదు, ఎవరింటికీ రాలేదు. నీకు బాధ కలగకూడదని నేను ఆ మాట ఎత్తలేదు, తేరిపార చూడలేదు. వంటింట్లో ట్యూబులైటు తీసేసి పసుపు బల్బు పెట్టిందీ అందుకే. శనివారం మన అనన్య కాలేజీ పట్టా అందుకుంటోంది. "మమ్మీ, కమ్ లా! ఫొటోలో డాడీ ఒక్కరే ల్యాంప్‌పోస్ట్‌లా నిలబడాలా?" అని నిన్న అది ఇక్కడి పిల్లల యాసలో బతిమాలితే నువ్వు స్టవ్ వైపు తిరిగిపోయావు.

రా, అరుంధతీ. ఆ ఫొటోలో నాకు నువ్వు కావాలి.

నీ
మధుసూదనరావు

*

ఏమండీ,

రైస్ కుక్కర్ కింద మీ ఉత్తరం దొరికింది. మొదటిసారి చదివితే ఏడుపొచ్చింది. రెండోసారి కోపమొచ్చింది.

ఆవిడ కణత దగ్గర ఏ రంగుందో మీకు తెలుసు. నా మచ్చ ఏ చెంప మీదుందో చెప్పండి చూద్దాం!

నేను దాక్కున్నది జనం చూస్తారని కాదండీ. మీరు చూడడం మానేశారని. పసుపు బల్బు పెట్టిన రోజునే, ఈ ముఖాన్ని మీరు భరించలేకపోతున్నారని అనుకున్నాను. అడగడానికి నాకు నోరు రాలేదు. చెప్పడానికి మీకు రాలేదు. ఆ మసక వెలుతుర్లో ఇద్దరం రెండేళ్లు అన్నాలు తిన్నాం.

శనివారం వస్తాను. కంచిపట్టు చీర తీసి పెట్టాను, నీలిరంగుదే. మీ ఆవిడకేం తీసిపోను.

ఈ కాగితం మీ చెప్పుల స్టాండు మీద పెడుతున్నాను. కింద షాపులో ట్యూబులైటు కొనుక్కొచ్చి, స్టూలెక్కి నేనే బిగించాను. చదవగానే తిన్నగా వంటింట్లోకి రండి. దగ్గరికొచ్చి చూడండి. ఇక్కడ గీతలేమీ లేవు, వెనక్కి రమ్మనడానికి మీ యాకూబూ లేడు.

అరుంధతి