శుక్రవారం సెలవు

4 జులై 2011, సోమవారం

ఈరోజు విమానం నన్ను గెలిచింది.

కుర్మయ్య హోటల్లో కథ చెబుతున్నాను. ఎయిర్‌పోర్టు వచ్చినప్పటి నుంచి శంషాబాద్‌లో కథ చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. విమానం నెత్తి మీదికి వచ్చేసరికి కథలో మనిషిని ఆపదలో పెట్టి ఆగాలి. చప్పుడు పోయాక బయటికి తియ్యాలి. ఓపిక లేకపోతే చప్పుడుకు మించి అరవాలి. ఇవాళ అరవబోయాను. తడిసిన గోనెసంచిని గచ్చు మీద ఈడ్చినట్టు ఏదో వచ్చింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు కూడా అట్లాగే వచ్చింది.

ఉగాది నుంచి ఇదే బొంగురు. మిరియాలు, తేనె, ఉప్పునీళ్లు అన్నీ అయ్యాయి.

7 జులై

ఇక్కడి డాక్టరు నాలుక పట్టుకుని, చిన్న అద్దం లోపలికి పెట్టి చూశాడు. తర్వాత ఏమీ మాట్లాడకుండా చేతులు కడుక్కున్నాడు. అప్పుడే భయం వేసింది. డాక్టర్లు మామూలుగా మాట్లాడుతూ కడుక్కుంటారు.

గొంతులో గడ్డలాంటిది ఉందట. అఫ్జల్‌గంజ్ పెద్ద దవాఖానకు పోతే ఎక్కడ చూపించుకోవాలో వాళ్లే రాసిస్తారట. గొట్టం వేసి, ముక్క తీసి టెస్టు చేస్తారట. బీడీ మానేసి చాలా కాలమైందని చెప్పాను. ఆ సంగతి గడ్డకు తెలియదు కదా అన్నాడు. మంచి మాట. గడ్డ ఇంకొకరిదైతే ఈ సాయంత్రమే కుర్మయ్య హోటల్లో వాడుకునేవాణ్ణి.

ఇంటికొచ్చి జంగమ్మకు, పెద్ద దవాఖానకు పొమ్మన్నడని మాత్రం చెప్పాను. గడ్డ అన్న మాట మింగేశాను. ఈమధ్య ఏం మింగినా నొప్పే.

12 జులై, మంగళవారం

దవాఖాన గేటు దాకా పోయాను. నిజంగా పోయాను.

లోపలి నుంచి ఒకతను వస్తున్నాడు. నా ఈడు వాడే. మెడకు ముందు చిన్న గుడ్డ కట్టుకున్నాడు. పక్కన నడుస్తున్న భార్య భుజం తట్టాడు. ఆమె సంచిలోంచి కాగితం, పెన్ను తీసిచ్చింది. అతను నిలబడే రాశాడు. ఆమె చదివి, సరే ముందు ఛాయ్ తాగుదాం అన్నది.

జంగమ్మకు అక్షరం రాదు.

పెళ్లయిన కొత్తలో నేర్పుతానంటే, నువ్వు సదివి చెప్తవు గద, ఇద్దరం ఒక్కటే పని ఎందుకు చెయ్యాలె అన్నది. అది న్యాయంగానే అనిపించింది. ఆమె వండేది, నేను తినేవాణ్ణి. నేను చదివేవాణ్ణి, ఆమె వినేది. నా గొంతు పోతే ఆమెతో మాట్లాడడానికి నాకు ఏం మిగులుతుంది?

నా కాళ్లు వాటంతట అవే వెనక్కి తిరిగాయి. పక్కనే స్టేట్ సెంట్రల్ లైబ్రరీ. అందులోకి పోయి కూర్చున్నాను.

ఆ ముందు నుంచి వెయ్యిసార్లు పోయి ఉంటాను. ఎన్నడూ మెట్లెక్కలేదు. నాది పొట్లాల చదువు. మంఖాల్‌లో మా చిన్నప్పుడు కిరాణా దుకాణంలో బెల్లం, చింతపండు పాత పేపర్లలో కట్టిచ్చేవాళ్లు. అక్షరాలు బస్సు బోర్డుల మీద పట్టుకుని, వాటిని పొట్లాల మీద వాడాను. పొట్లంలో కథ ఎప్పుడూ సగమే. మిగతా సగం ఇంకెవరి ఇంటికో ఉప్పు మోసుకుని పోయి ఉంటుంది. చివరలు నేనే అల్లుకున్నాను. అట్లా కథలు చెప్పేవాణ్ణయ్యాను. అన్నిటికన్నా పేరుపడ్డది బావి కథ. ఒకడు తాడు పట్టుకుని పాడుబావిలోకి దిగుతాడు. సగం దూరంలో పైవాళ్లు వదులుతున్న తాడు కదలడం ఆగిపోతుంది. అక్కడ కాగితం చిరిగింది. ఈ ఊళ్లో ఆ మనిషిని నేను ఎన్ని రకాలుగా పైకి లాగానో కుర్మయ్యనే అడగాలి.

లైబ్రరీ గురించి రాయాలి కదా. పైకప్పు చూడాలంటే టోపీ పట్టుకోవాలి, అంత ఎత్తు. నిజాం కాలపు గోడలు, మొహానికి తగిలే చల్లదనం. పొడవాటి బల్లల దగ్గర ముసలివాళ్లు పేపర్లను దుప్పట్లలా పరుచుకుని కూర్చున్నారు. గోడ మీద బోర్డు: నిశ్శబ్దం పాటించండి. ప్రాణం లేచివచ్చింది. ఇక్కడ గొంతున్నవాడూ లేనివాడూ ఒకటే.

సాయంత్రం జంగమ్మ ఏడికి పోయినవని అడిగింది. లైబ్రరీకి అనడానికి పాతకాలపు మాటలో కుతుబ్‌ఖానకు అని నిజమే చెప్పబోయాను. ఈ గొంతుకు ముందు సగం పలకలేదు. ఖానకు అన్నది మాత్రం బయటపడింది. దవాఖానల ఏమన్నరు మరి అన్నది. మళ్లీ రమ్మన్నారన్నాను. లైబ్రరీవాళ్లు ఎవరినైనా మళ్లీ రమ్మనే అంటారు.

20 జులై

సుల్తాన్‌బజార్. అఫ్జల్‌గంజ్‌లో దిగితే దవాఖాన కనిపిస్తుందని ఇంకో బస్సెక్కి కోఠీలో దిగాను. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం. చీరల అంగళ్ల అరుపుల మధ్య అంత నెమ్మది ఎట్లా దాచుకున్నారో. తెలుగు చదవడమే గొప్ప అనుకునే రోజుల్లో పెట్టిన లైబ్రరీ. గోడల మీది పటాల్లో పెద్దమనుషులు నావైపే చూస్తున్నట్టనిపించింది. వాళ్లలో ఎవరికైనా గొంతులో గడ్డ లేచిందా? లేస్తే లైబ్రరీకి వచ్చి దాక్కున్నారా?

కథల పుస్తకం తీసుకుని చివరి పేజీ ముందు చదివాను. నా జన్మలో మొదటిసారి. చివరతో సహా ఉన్న కథ చేతిలో ఉంటే నాకు భయమే వేసింది. అందులో నేను చేయగలిగిందేమీ లేదు.

3 ఆగస్టు

పొద్దున ఉమ్మిలో ఎర్రగా. తమలపాకు వేసుకోలేదు.

9 ఆగస్టు, రాత్రి

మళ్లీ అఫ్జల్‌గంజ్ లైబ్రరీ. అక్కడ ఊడ్చే తారాబాయి ఈమధ్య నన్ను గుర్తుపడుతోంది. బాపూ, నువ్వేమో పుస్తకం ఒక్క పేజీల తెరిచి పెట్టుకుని కూసుంటవు, పేజీ తిప్పవు, గాలి కోసం వస్తున్నవా అని అడిగింది. తల ఊపాను. గాలి కోసమే. నిన్న రాత్రి పడుకుంటే ఊపిరి ఈల వేసింది.

ఇంటికొచ్చి చొక్కా విప్పితే జంగమ్మ ఉతకడానికి తీసుకుని వాసన చూసింది. ఏందయ్యా, గిది దవాఖాన వాసన గాదు, డాంబర్ గోలీల వాసన అన్నది. పురుగులు పట్టకుండా పాత పుస్తకాల అలమారల్లో వేస్తారు. మందుల వాసన అట్లాగే ఉంటుందన్నాను. నీ మందులకు పురుగులు పడతయా అన్నది.

చొక్కాను నీళ్లలో వెయ్యకుండా మడిచి పక్కన పెట్టింది. అదే మంచిగా లేదు.

18 ఆగస్టు

రేపు నేను గూడ వస్త అన్నది జంగమ్మ. ఎండ అన్నాను. బస్సులు రద్దీ అన్నాను. నా గొంతుకు రెండు కారణాలే పలికే ఓపిక ఉంది. సద్ది కట్టుకుంటున్నది.

తోవలో లైబ్రరీకి తీసుకుపోయి కూర్చోబెట్టి, నెమ్మదిగా చెబుదామని ధైర్యం చేశాను.

19 ఆగస్టు

బస్సు గగన్‌పహాడ్ దాటింది, ఆరాంఘర్ దాటింది. జూపార్కు దగ్గర జంగమ్మ నా చెయ్యి పట్టుకుంది. పెళ్లిలో తప్ప పదిమందిలో పట్టుకోలేదు.

దిగి లైబ్రరీ వైపు నడిచాను. ఆమె ఆపలేదు. గేటుకు తాళం.

జంగమ్మ గేటును చూడలేదు, నన్నే చూసింది. ఇయ్యాల శుక్రారం, నీ ఖానకు సెలవు, నా ఖానకు సెలవు లేదు, నడువు అన్నది.

అన్నీ తెలుసు. గోలీల వాసన పట్టుకుని కుర్మయ్య దగ్గరికి పోయిందట. కుర్మయ్య ఎవరినో అడిగి లైబ్రరీ ఏరోజు మూస్తారో కనుక్కున్నాడట. శంషాబాద్ డాక్టరు దగ్గరికి ఆమె ఒక్కతే పోయి గడ్డ సంగతి కూడా విన్నదట. ఎన్నాళ్ల నుంచో తెలుసు. ఈ శుక్రవారం దాకా ఆగింది.

భయం ఇక దాచలేక, నాకు బుగులయితుందే అన్నాను. నాకు గూడ అయితుంది, గందుకే ఇద్దరం పోదాం అన్నది.

పెద్ద దవాఖానలో చూసినవాళ్లు కోఠీ గొంతు దవాఖానకు రాసిచ్చారు. సుల్తాన్‌బజార్ లైబ్రరీకి కూతవేటు దూరం. ఎటు పారిపోయినా దాని పక్కనే కూర్చున్నానన్న మాట.

26 ఆగస్టు

గొట్టం వేశారు. దాని గురించి రాయను.

6 సెప్టెంబర్

టెస్టు వచ్చింది, భయపడ్డదే. కొంచెం కాదు, గొంతుపెట్టె మొత్తం తీసెయ్యాలి. ప్రాణం దక్కవచ్చు అన్నారు. ఆ డాక్టరు కోస్తా ఆయన, చాలా మర్యాదగా చెప్పారు. మీరు మాట్లాడలేరండీ, కానీ మీకు చదువు వచ్చు కాబట్టి రాసి చూపించవచ్చండీ అన్నారు. జంగమ్మ తల వంచుకుంది. మొదటిసారి ఆమె భయం నాకు కనిపించింది. నా భయం కన్నా పెద్దది.

19 సెప్టెంబర్, సోమవారం

తెలంగాణ కోసం సమ్మె. బస్సులు బంద్. ఆపరేషన్ ఆగుతుందేమోనని సంతోషం కలిగింది, సిగ్గులేకుండా. కుర్మయ్య ఎవరినో బతిమాలి ఆటో తెచ్చాడు. అన్నా, తెలంగాణ ఎన్నడన్న వస్తది గని, నీ గడ్డ మాత్రం ఆగదు అన్నాడు.

20 సెప్టెంబర్, సాయంత్రం

రేపు పొద్దున.

వార్డులో జంగమ్మ కథ చెప్పమన్నది. ఏ కథ అన్నాను. బావి కథ. ఆమె ఎన్నిసార్లు విన్నదో. పక్క మంచాలవాళ్లు కూడా ఇటు తిరిగారు. ఈ గొంతుతో మెల్లగా చెప్పాను. తాడు ఆగిపోయే దాకా చెప్పాను. విమానం రాలేదు, కానీ అక్కడే ఆగాను. ముందుకు పోలేదు. చివర ఏ పొట్లంలో ఉందో నాకు తెలియదు. చాలా భయంగా ఉంది.

జంగమ్మ, సరే తియ్, పండుకో అన్నది.

14 నవంబర్

మెడకు గుడ్డ ఉంది. నేను ఉన్నాను.

నిన్న జంగమ్మ కుర్మయ్య హోటల్లో నా బావి కథ చెప్పిందట. విమానం వస్తే ఆగిందట. చివర ఏమిటో కుర్మయ్య నాకు చెప్పడు. వదినెనే అడుగు అన్నాడు.

పలక మీద రాసి చూపించాను: మార్చినవా?

జంగమ్మ పలకను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తర్వాత మొదటి అక్షరం మీద వేలు పెట్టి, గిది ఏంది అన్నది.

పెదాలు మూసి తెరిచాను. చప్పుడు లేదు. మళ్లీ మూసి తెరిచాను. ఆమె నా నోటి వైపే చూస్తూ తన పెదాలు మూసుకుంది.

మా, అన్నది.