నెల రోజులు ఎండ లేకుండా

పోర్తో అలెగ్రె, జూన్ 9

అమ్మా, కంగారుపడకు, నాన్న బాగున్నాడు.

మూడు రోజుల కిందట మందు ఎక్కించి, నిన్న గొట్టం గొంతులోకి దించి కేన్సరు గడ్డ మీద ఎర్రటి వెలుగు వేశారు. ఆ వెలుగు తగిలితేనే మందు గడ్డను చంపుతుందట. ఈ పొద్దున చల్లటి పాలు నొప్పితోనే అయినా మింగాడు.

"ఒల్మీరో గారూ, మందు ఇంకా ఒంట్లో ఉంటుంది. నెల రోజులు ఎండలోకి వెళ్తే ఒళ్లు కాలిపోతుంది" అంది డాక్టరు.

"జూన్ అంటే మనకు నడి చలికాలం, ఈ చలిలోనా? గోడవార ఎండలో కూర్చుని కమలాలు ఒలుచుకోవద్దా? దానికంటే నన్ను కొట్టంలో కట్టేయండమ్మా!"

"చీకటి కొట్టమైతే నేనే కట్టేస్తా."

నాన్న నవ్వాడు. కాసేపటికి నాతో, "మరి మీ అమ్మ పక్కన ఎవరు కూర్చుంటారే?" అన్నాడు. ఆ గోడవార మీరిద్దరూ ఒకే సొరబుర్రలో మాతే కషాయం చేతులు మార్చుకుంటూ తాగుతుంటే, మీ మధ్య కూర్చుని నేను అక్షరాలు దిద్దిన రోజులు గుర్తొచ్చాయి.

శుక్రవారం పొద్దుగుంకాక బస్సు దిగుతాం. కిటికీలకు మందపాటి కంబళ్లు కట్టు. మాతే పొగలు కక్కేలా ఇవ్వకు, గోరువెచ్చగా చాలు. ఎర్రావు ఈనిందా? నెల తర్వాత మళ్లీ గొట్టం వేసి చూస్తారు. గడ్డ పోయిందో లేదో అప్పుడే తెలుస్తుంది. అందాకా గోడవార ఒక్కదానివే కూర్చోకు. కమలాలు కోసుకుని లోపలికి, నాన్న దగ్గరికి వెళ్లు.

నీ దీవెన కోరుతూ,
జుసారా