నువ్వు పంపిన కార్డుల పెట్టె

తిరువూరు,
11-8-1976.

చిరంజీవి తమ్ముడు జగన్నాథరావుకు,

అక్క దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా కులాసాయే. వానలకి మీ బావగారి మోకాలు మళ్లీ వాచింది, అంతకుమించి చెప్పుకోవాల్సిన జబ్బులు లేవు. బెజవాడలో నువ్వూ, మరదలూ, పాపా ఒంట్లో బాగుండి ఉంటారనుకుంటాను. పాపకి పళ్లు వస్తున్నాయని రాశావు. కాస్త ఒళ్లు వెచ్చబడితే కంగారుపడవద్దని మరదలికి చెప్పు.

నాట్లు ఎంతవరకు వచ్చాయని అడిగావు. పెనుగొలను వైపు సగం అయ్యాయి. గంపలగూడెం వైపు ఇప్పుడే జోరుగా వేస్తున్నారు.

నీ రెండో ప్రశ్న గత మూడు ఉత్తరాల్లోనూ ఉంది. మీ లైబ్రరీలో పక్కన పడేసిన కార్డుల పెట్టెను బాగుచేయించి నాకు పంపావు కదా, దానితో నవల ఎంతవరకు వచ్చిందని. మూడుసార్లూ ‘సాగుతోంది’ అని రాశాను. సాగడం లేదు. ఉగాది తర్వాత ఒక్క పేజీ రాయలేదు.

నువ్వు చెప్పినట్టే చేశాను. మనిషికొక కార్డు. పైన పేరు, కింద ఊరు, మాట తీరు, ఎవరితో తగువు, మనసులో దాచుకున్నదేమిటి. అన్నీ అక్షరక్రమంలో పెట్టాను. గాజులమ్మే లాల్‌బీ చూసి, “ఏంటక్కా, రేషన్ కార్డులా? నాకూ ఒకటి రాయి, పంచదారొస్తుందేమో!” అంది. ఆమెకీ ఒకటి ఉందని చెప్పలేదు.

పెట్టె పనికొస్తుందా అంటే, వెతుక్కోవడానికి పనికొస్తుంది. ఏ మనిషి కావాలంటే ఆ మనిషి చేతికి దొరుకుతుంది. ఇదివరకు నోటుపుస్తకంలో జాకెట్టు కొలతల పక్కన ఎవరి మాటో ఒకటి గిలికేదాన్ని. కథ రాసేనాటికి అది ఎవరన్నదో మరిచిపోయేదాన్ని. ఒకరి నోరూ, ఇంకొకరి మొండితనమూ కలిసి నాకే తెలియని మూడో మనిషి తయారయ్యేది. కార్డుల్లో ఎవరూ ఎవరితోనూ కలవరు. వాళ్లని తీసి కాగితం మీద పెడితే జనాభా లెక్క అయింది, కథ కాలేదు.

అదొక్కటే అయితే నీకు ఎప్పుడో రాసేదాన్ని.

మన బాబాయి పాలేరు ఏడుకొండలు భార్య వెంకాయమ్మ నీకు తెలుసు. భూముల సీలింగు చట్టం వచ్చినప్పుడు, సర్కారుకి పోకుండా బాబాయి ఆరెకరాలు ఏడుకొండలు పేరున రాయించిన సంగతీ తెలుసు. గోల సద్దుమణిగాక తిరిగి రాసివ్వాలని మాట. సంతకి వచ్చినప్పుడల్లా వెంకాయమ్మ మా అరుగు మీద కాసేపు కూచుని వెళ్లేది. మాఘమాసంలో ఒకనాడు గొంతు తగ్గించి, “ఎవరితో అనబాకండి అమ్మాయిగారూ. ఆ ఆరెకరాలు తిరిగి రాసియ్యం. ఇరవయ్యేళ్లు దున్నింది మావోడేగా” అంది. ఆమె వెళ్లగానే ఆ మాటలు అన్నవి అన్నట్టే ఏడుకొండలు కార్డులో రాసి, దాని చోట దాన్ని పెట్టాను.

చైత్రంలో బాబాయి వచ్చాడు. నేను కాఫీ కలిపి తెచ్చేసరికి పెట్టె ఆయన ముందు తెరిచి ఉంది.

“ఏంటే అమ్మాయ్, ఊరందర్నీ పెట్టెలో పెట్టావు? నేనున్నానా ఇందులో?” అని నవ్వాడు.

“కథల కోసం బాబాయ్” అన్నాను.

దశరథరామయ్య అనే తన పేరు వెతుక్కుంటున్నాడు. దానికంటే ముందు ఏడుకొండలు తగిలాడు. చదివాడు. నిదానంగా కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, కార్డు జేబులో వేసుకున్నాడు. “చక్కగా రాస్తావే” అని వెళ్లిపోయాడు.

మూడో రోజున ఏడుకొండలు చేత తెల్లకాగితాల మీద వేలిముద్రలు వేయించుకుని, వాళ్ల చేత ఇల్లు ఖాళీ చేయించాడు. ఇప్పుడు గంపలగూడెంలో కూలికి పోతున్నారు. మిగతా కార్డులన్నీ నీళ్లపొయ్యిలో వేశాను. నీ తప్పేమీ లేదు. నువ్వు పెట్టె పంపావు, రాసింది నేను.

తర్వాత వెంకాయమ్మ వచ్చి మా అరుగు మీదే కూచుని మొగుణ్ణి తిట్టింది. “నేను అన్నది మీ ఒక్కరి దగ్గరే. మీరు అనరు కదా. ఆ సచ్చినోడే తాగి వాగుంటాడు” అంది. మజ్జిగ ఇచ్చి ఊరుకున్నాను. అలా నాలుగు నెలలు ఊరుకున్నాను.

మొన్న సోమవారం గంపలగూడెం వెళ్లాను. నాటు వేస్తున్న ఆమెను గట్టు మీదికి పిలిచి జరిగింది చెప్పాను. తిడుతుందనుకున్నాను.

“అయితే మా ఆయన అనలా?”

“అనలేదు.”

“నాలుగు నెల్లుగా ఆయనకి అన్నంతోపాటు తిట్లే పెడుతున్నానండి” అంది. చేతిలోని నారుకి అంటిన బురద దులిపింది. “శుక్రవారం నూజివీడులో సీలింగు ఇచారణకి మావోణ్ణి రమ్మన్నారు. తెల్లకాయితాల మీద ముద్రలేయించుకున్నారని మేం చెబితే ఎవరు నమ్ముతారు? మీరొచ్చి ఆ కార్డు సంగతి చెబుతారా, మీ బాబాయిగారి ఎదురుగా?”

“బాబాయి ఎదురుగానా?” అన్నాను.

“రాయడం అయితే రాస్తారుగా” అంది. ఎగతాళి చేసిందో లేదో తెలియలేదు. మళ్లీ మడిలోకి దిగిపోయింది.

నాన్న పోయాక మనల్ని సాకింది బాబాయే. నీ చదువూ, నా పెళ్లీ ఆయన చేతుల మీదుగానే జరిగాయి. అది నువ్వు గుర్తు చేయనక్కర్లేదు. మీ బావగారితో చెబితే, “వెళ్తే ఇక పెనుగొలనులో మీ బాబాయిగారి గడప తొక్కలేం” అన్నారు. వద్దని మాత్రం అనలేదు.

నిన్న వెంకాయమ్మకి వస్తానని కబురు పంపాను. ఈ ఉత్తరం నీకు శనివారానికి గాని అందదు. వద్దనే వీలు నీకు ఉండకూడదనే ఇంత ఆలస్యంగా రాస్తున్నాను. అప్పటికి నేను చెప్పాల్సింది చెప్పేసి ఉంటాను. బాబాయి నీకూ రాస్తాడు. మనకి ఆయన చేసిన మేలంతా అందులో ఉంటుంది, అందులో అబద్ధం ఏమీ ఉండదు. నా తరఫున ఆయనకి ఏ జవాబూ రాయకు.

ఇట్లు,
నీ అక్క
సరోజినీదేవి