దగ్గు లేని పాట

అన్నా,

నువ్వు పోయి ఏడాది నిండింది. ఇయ్యాల నాచారంల నువ్వు పనిజేసిన రంగుల ఫ్యాక్టరీ వార్షికోత్సవానికి నన్ను పిలిచిన్రు. స్టేజి మీద ఉప్పల్ల మన చర్చి పిల్లలు నీ పాట అందుకున్నరు. నేను కుర్చీల బిగుసుకపోయిన.

"మా గాలి అగరొత్తి, మా నీళ్లు పన్నీరు, మా సారు సల్లని నీడ."

గేటు ముంగట టిఫిన్ డబ్బా మీద దరువేసుకుంట నువ్వు పాడితే, లైను లైనుకూ ఆగి ఒక్కసారి దగ్గేటోనివి. ఆ దగ్గుకే జనం పడిపడి నవ్వేటోళ్లు. ఇప్పుడున్నది కొత్త సారు. నీ పాటను కాయితం మీదనే సూసిండు. కాయితం మీద నువ్వు దగ్గు రాయలేదు గద.

మన పిల్లలు ఏదిచ్చినా కీర్తన లెక్కనే పాడతరు. కీబోర్డు పెట్టి, రాగం సాగదీసి, కండ్లు మూసుకోని పాడిన్రు. నువ్వు దగ్గే జాగల సన్నగ గంట కొట్టిన్రు. సారు కండ్లు తుడుసుకోని, "మీ అన్నకు ఈ కంపెనీ అంటే ఎంత ప్రేమమ్మా" అన్నడు. ఒక్క అక్షరం గూడ మార్చలేదన్నా వాళ్లు.

మళ్లీ పాడమన్నరు. ఈసారి మొదటి లైను కాంగనే ఎనక వరసల నుంచి దగ్గు వినొచ్చింది, సరిగ్గ నీ దరువు మీదనే. నాకు ప్రాణం లేసొచ్చింది. నవ్వుకుంట ఎనక్కి తిరిగిన.

నీతోని ఆ ఫ్యాక్టరీల పనిజేసిన నీ దోస్తు యాదగిరన్న. దస్తీ అడ్డం పెట్టుకోని ఒంగిపోయిండు. పాట అయిపోయింది, చప్పట్లు గూడ అయిపోయినయి. ఆయన దగ్గు ఆగలే.

నీకు గూడ గట్లనే మొదలైంది.