ఆడతోడు లేని నా కూతురికి పడక కోసం

వైద్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నెలలు నిండుతున్న నా కూతురిని, ఆడతోడు లేకపోయినను, పెద్దాసుపత్రిలో చేర్చుకొనుటకు ఉత్తర్వులు కోరుట గురించి.

ఇటుకల బట్టీలో నడుము వంగిపోయిన ముసలివాణ్ణి. ముందుగా తమకు శుభవార్త మనవి చేసుకుంటున్నాను. పెళ్లయిన ఇన్నేళ్లకు నా ఒక్కగానొక్క కూతురు నీళ్లోసుకుంది. నేను తాతనవుతున్నానయ్యా! దారినపోయే వాళ్లను ఆపి మరీ చెబుతున్నాను, తమకు చెప్పకుండా ఎలా ఉంటాను?

1. మా బట్టీలో పని ఆలుమగల జోడీకే ఇస్తారు. ఒకరు మానితే ఇద్దరినీ మాన్పిస్తారు. అందుచేత అమ్మాయి పరీక్షలకు వెళ్లలేకపోయినది.

2. ఈమధ్య దాని బుగ్గలు నిండాయి, గాజులు బిగిశాయి. మా ఇంట్లో కండ పట్టిన మనిషిని నేనెన్నడూ ఎరుగను. "తల్లీ, ఒళ్లు చేశావే!" అని మురిసిపోయాను. దాని చెప్పులు పట్టకపోతే నావి ఇచ్చాను. "నాన్నా, వీటిల్లో నేను మేస్త్రీలా ఉన్నాను" అని ఒకటే నవ్వు.

3. నిన్న నర్సమ్మ బట్టీకి వచ్చి, దాని కాలిని బొటనవేలితో నొక్కింది. పడిన గుంట పడినట్టే ఉండిపోయింది. "తాతా, ఇది ఒళ్లు కాదు, నీరు. బీపీ బాగా ఎక్కువుంది. ఇవాళే పెద్దాసుపత్రిలో చేర్చు" అంది. తీసుకెళ్లాం. "దగ్గరుండే ఆడమనిషి ఏది? ఈ వార్డులో మగాళ్లను ఉండనివ్వం. మనిషిని తెచ్చుకుని రండి" అని తిప్పి పంపినారు.

4. మనిషిని ఎక్కణ్ణుంచి తేను? అల్లుడి వైపూ ఆడదిక్కు లేదు. నా భార్య ఈ పిల్లను కని పోయింది. పోయేముందు ఆమె మొహమూ ఇలాగే నిండుగా ఉండేదని ఇప్పుడు గుర్తొస్తోంది. బట్టీలో ఏ ఆడకూతురు మాకు తోడొచ్చినా వాళ్ల జోడీ పని పోతుంది. అడిగితే పాపం తల దించుకుంటున్నారు. అమ్మాయి పొద్దున్నుంచి తల పగిలిపోతోందంటోంది.

కావున తమరు దయతలచి సదరు నిబంధన సడలించవలెను. నేను వార్డు బయట వరండాలో పడి ఉంటాను. ఊడవమంటే ఊడుస్తాను. మనవడో మనవరాలో, మొదటి చూపు తమకే చూపిస్తాను. ఈ ముసలివాని మొర చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కాబోయే తాత

తా.క.: సంతకం పెడుతుండగా అమ్మాయి మంచం మీంచి "నాన్నా, అప్పుడే పొద్దుగూకిందా? దీపం పెట్టవేం?" అంది. అయ్యా, ఇప్పుడు మిట్టమధ్యాహ్నం. ఎండ దాని మొహం మీదే పడుతోంది. అల్లుడు ఇది పట్టుకుని పరిగెత్తుకొస్తున్నాడు. పైన రాసిందంతా తర్వాత చదువుకోండి. ముందు బండి పంపండి.