నేను కట్టిన ముడుపు

మంగళవారం

మా బొగ్గుబావి మూసేస్తున్నారు. దగ్గర్లోని బావిలో ఒక్కరికే చోటుందట. అది మా ఆయనకో, పక్క క్వార్టర్ రజిత భర్తకో. రెండోవాళ్ళు ఎక్కడికి పోవాలో ఎవరికీ తెలియదు.

నాకు వారంగా నిద్ర లేదు. రజిత మాత్రం పొద్దున నాతో మైసమ్మ గుడికి వచ్చి, నవ్వుతూ ముడుపు కట్టింది.

"ఏం మొక్కినవే?" అన్నాను.

"ఏం కోరలే అక్కా. యాడికి పంపినా మా ఎంబడి రా తల్లీ అన్న, గంతే."

ఒళ్ళు మండిపోయింది. ఆ నిబ్బరం ఆమెకే ఎందుకివ్వాలి? అమ్మవారు ఆమెకేమైనా చుట్టమా?

పోయిన వారం నేనూ కట్టాను, పోతే వాళ్ళే పోవాలని. రజిత వెళ్ళాక దాన్ని విప్పేద్దామని వెతికాను. అన్నీ పసుపు గుడ్డలే. నాది ఏదో నాకు తెలియలేదు.

అమ్మవారికి తెలుసు.