మారిన ఇంజన్, మరిగిన నీళ్ళు

మార్చి 4, మంగళవారం

ఇంజన్ కూర్చుంది. అక్క వ్యాన్‌లో పాతది పోయిన నెల పట్టేసింది. స్క్రాప్ యార్డ్ ఆవిడ దగ్గర అదే కంపెనీవాళ్ళ తర్వాతి మోడల్ ఇంజన్ దొరికితే తెచ్చాను. మౌంటింగులు నేనే కోసి, వెల్డింగ్ చేసి, ఆరు రోజుల్లో ఎక్కించాను. తొలి సెల్ఫ్‌కే అందుకుంది. నా దిష్టే తగిలేలా ఉంది.

బావకి మంగళ, శుక్రవారాలు డయాలసిస్. ఆసుపత్రి కొండకి అవతల. బస్సులో ఆ మలుపులు తట్టుకోలేడు. అక్కే నడుపుతుంది. ఈరోజు కూడా పక్కింటాయన కార్లో వెళ్ళారు. శుక్రవారం నుంచి ఆ మొహమాటం ఉండదు.

మార్చి 7, శుక్రవారం

మూడో మలుపు దాటగానే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత మీదకి వెళ్ళిందట. అరగంట ఆపుకుని వెళ్ళారు. అక్క ఫోన్ చేసి, నీళ్ళు కాచుకోడానికి ఇంట్లో గీజర్ ఉంది కదరా, మళ్ళీ ఇదెందుకు అంది. లైన్లో గాలి చేరి ఉంటుందన్నాను. కొత్త ఇంజన్‌కి ఆమాత్రం మామూలే.

మార్చి 8, శనివారం

రేడియేటర్ విప్పి కడిగాను. గాలి తీశాను. ఫ్యాన్ సరిగ్గానే తిరుగుతోంది. మూత తీసి ఇంజన్ రేజ్ చేసి చూశాను, బుడగల్లేవు. అంటే మంట గాలి నీళ్ళలోకి కారడం లేదు, హెడ్ గ్యాస్కెట్ బాగానే ఉంది. మైదానం రోడ్డు మీద ఇరవై కిలోమీటర్లు తిప్పాను. ముల్లు కదలలేదు.

అయిపోయింది.

మార్చి 11, మంగళవారం, మధ్యాహ్నం

అవలేదు. మళ్ళీ అక్కడే. ఈసారి గంట ఆగారు. లేటుగా వెళ్తే తర్వాతి పేషెంట్ కాచుకుని ఉన్నాడని నాలుగు గంటలకి బదులు రెండే గంటలు చేసి పంపించేశారు. సగం గడ్డం గీసి లేవమన్నట్టుందోయ్ అన్నాడు బావ. నవ్వాను. ఆయన సాక్స్ తీస్తుంటే చూశాను. పాదాలు ఉబ్బి ఉన్నాయి. సాక్స్ పట్టీ గుర్తు లోతుగా పడింది.

మార్చి 12, బుధవారం

కొత్త వాటర్ పంప్ వేశాను. బెల్ట్ మార్చాను. శుక్రవారానికి పక్కింటాయన కారు అడుగుతానంది అక్క. అక్కర్లేదన్నాను. ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నవాణ్ణి, నేనుండగా పరాయివాళ్ళ కారేమిటన్నాను. కొండ ఎక్కించి చూశావా అని అడిగింది. చూడక్కర్లేదన్నాను. వీడు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు, వదిలెయ్యవే అన్నాడు బావ.

మార్చి 14, శుక్రవారం, సాయంత్రం 5

నేనూ వెళ్ళాను. నాలుగో మలుపులో ముల్లు లేచింది. ఇంకొంచెం, ఇంకొంచెం అని నేనే పోనిచ్చాను. ఆవిరి కమ్మేసింది. ఆపేశాం. బావ పడుకోలేడు, కూర్చోలేడు, ముందు సీటు పట్టుకుని వంగి ఊపిరి పీల్చుకుంటున్నాడు. పెదాలు నీలంగా అయిపోయాయి. ఫోన్‌కి సిగ్నల్ లేదు. అక్క రోడ్డు మధ్యలో నిలబడి చేతులు చాపింది. ఎంతసేపో తెలీదు. ఒక పాల వ్యాన్ ఆగింది. ముగ్గురం కలిసి బావని ఎక్కించాం. అక్క నా వంక చూడకుండా ఎక్కేసింది. నేను మిగిలాను.

బానెట్ ఎత్తాను. కోపం పట్టలేక రేడియేటర్ మీద చెయ్యేశాను. చెయ్యి కాలలేదు. ఇంజన్ కుతకుతలాడుతుంటే రేడియేటర్ అడుగున గోరువెచ్చగా ఉంది. పంప్ పక్కనున్న పొట్టి గొట్టం మాత్రం అరచేయి కాల్చేసింది.

బండి చల్లారాక కొండ దిగి అక్కకి ఫోన్ చేశాను. బావ ఐసీయూలో ఉన్నాడు. మంగళవారం పూర్తిగా తీయని నీరు ఊపిరితిత్తుల్లోకి చేరిందట. అక్క ఒక్క మాటే అంది. అక్కర్లేదన్నావు కదరా, అంది.

మార్చి 15, శనివారం

స్క్రాప్ యార్డ్ ఆవిడ మీదకి పోట్లాటకి వెళ్ళాను. చచ్చిన ఇంజన్ అంటగట్టావన్నాను. ఆవిడ నన్ను పూర్తిగా తిట్టనిచ్చింది. తర్వాత, నా ఇంజన్‌లోంచి ఏం తీశావయ్యా అని అడిగింది. ఏమీ తీయలేదన్నాను. థర్మోస్టాట్ ఉందా మరి, అంది.

థర్మోస్టాట్ ఎవరుంచుతారు? మన ఎండలకి అది దండగ. నాకు పని నేర్పినాయన ఏ ఇంజన్ విప్పినా ముందు దాన్ని పీకి పారేసేవాడు. నేనూ అంతే. అది ఒక పనిగా కూడా లెక్కలోకి రాదు నాకు. బోల్టు తుడిచినట్టే.

ఆవిడ అలాంటి ఇంజనే ఒకటి విప్పి చూపించింది. పాత ఇంజన్‌లో నీళ్ళకి ఒకటే దారి, రేడియేటర్ గుండా. ఇందులో రెండున్నాయి. చల్లగా ఉన్నప్పుడు నీళ్ళు ఆ పొట్టి గొట్టంలోంచి అడ్డదారిన తిరిగి ఇంజన్‌లోకే వచ్చేస్తాయి. వేడెక్కాక రేడియేటర్ దారి తెరిచేదీ, ఆ అడ్డదారి మూసేదీ థర్మోస్టాటే. అది లేదు కాబట్టి అడ్డదారి బార్లా తెరిచే ఉంది. సగానికి పైగా నీళ్ళు రేడియేటర్ మొహం చూడకుండానే తిరుగుతున్నాయి. మైదానంలో సరిపోయింది. కొండ మీద సరిపోలేదు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ పోట్లాట, అని ఆవిడ డ్రాయర్‌లోంచి ఒకటి తీసి ఇచ్చింది. తీసుకున్నాను.

బావని ఐసీయూలో పడుకోబెట్టింది నేను.

మార్చి 16, ఆదివారం

బావకి ఆక్సిజన్ మాస్క్ తీశారట. ఆకలేస్తోందన్నాడట.

మార్చి 17, సోమవారం

థర్మోస్టాట్ వేశాను. వెనక ఇసుక బస్తాలు నింపి కొండ మూడుసార్లు ఎక్కించాను. ముల్లు సగానికి వచ్చి నిలబడింది. మూడోసారి పైన బండి ఆపి ఏడ్చాను.

అసలు లోపమేమిటో తెలిసిందా అని అక్క ఫోన్లో అడిగింది. ఒక పార్ట్ పాడైంది, మార్చానన్నాను.

మార్చి 20, గురువారం

బావని ఆసుపత్రి బండిలోనే ఇంటికి పంపించారు. చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ, నిద్రాహారాలు మాని బండి లోపం మా తమ్ముడే కనిపెట్టాడు అని చెప్తోంది అక్క. కంచం ముందు నుంచి లేచి వచ్చేశాను. బావ చూశాడు.

మార్చి 25, మంగళవారం

పొద్దున నేనే నడిపాను. కొండ పైకి చేరాక చెప్పాను. పార్ట్ పాడవలేదు, నేనే తీసి పారేశాను అని. అక్క బండి ఆపమంది. దిగమంది. స్టీరింగ్ తను తీసుకుని వెళ్ళిపోయింది.

ఏడు కిలోమీటర్లు నడిచి దిగాను. షెడ్డు తాళం తీస్తుంటే బావ ఫోన్ చేశాడు. మిషన్ మీద ఉన్నాడట, ఈరోజు నాలుగు గంటలూ చేస్తారట. ముల్లు సగం దాటలేదని మీ అక్క చెప్పమంది, అన్నాడు.